వీపు పందెం

మా ఆయన లెక్కలో మనుషులు రెండే రకాలు. క్లచ్ తొక్కేవాళ్ళు, తొక్కనివాళ్ళు. రెండో రకాన్ని ఆయన మనుషుల్లో జమకట్టరు. ఆయన ఇన్సూరెన్స్ సర్వేయర్. గుద్దుకున్న కార్లకు నష్టం ఎంతో లెక్కకట్టడం ఆయన పని. రోజంతా నుజ్జయిన బానెట్ల మధ్య తిరిగి, ఇంటికొచ్చి బూట్లైనా విప్పకుండా షెడ్డులోకి వెళ్ళి, తన ఎర్ర కారు చుట్టూ ఓసారి తిరిగొస్తే గాని ఆయనకు ఇల్లు చేరినట్టు ఉండేది కాదు. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పైకప్పు మడత పడే రకం, కూర్చుంటే నేల మీద చతికిలబడినట్టే. నేను అక్కడికి టీ పట్టుకెళ్తే, కప్పు ఎక్కడ దాని బానెట్ మీద పెడతానోనని ఆయన చూపంతా నా చేతి మీదే ఉండేది. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన నా చేతిని అంత శ్రద్ధగా చూసింది ఆ షెడ్డులోనే.

ఆ కారును నేనెప్పుడూ నడపలేదు. రాక కాదు. మా నాన్నది బేకరీ. పెళ్ళికి ముందు కొన్నేళ్ళపాటు ఊళ్ళో దుకాణాలన్నిటికీ బ్రెడ్డు వేసే వ్యాన్ నడిపింది నేనే. ముసలి వ్యాన్. దాని సెకండ్ గేరుకు నఖరాలు ఎక్కువ, బతిమాలితే గాని పడేది కాదు. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ తొక్కి కాస్త రేసు ఇచ్చి, ఇంజను గొంతు కుదిరిందని చెవికి తెలిశాక మళ్ళీ క్లచ్ తొక్కి వేస్తే కిక్కురుమనకుండా పడేది. తొందరపడ్డామా, వీధంతా వినపడేలా పళ్ళు కొరికేది. వెనక ట్రేల్లో అప్పుడే కాల్చిన బన్నులుంటాయి. కుదుపుకి అవి ఒకదాన్నొకటి నొక్కుకున్నాయంటే దుకాణంవాడు వాపసు ఇస్తాడు, నాన్న నన్ను వాయిస్తాడు. అలా తిట్లు తిని నేర్చుకున్న విద్య అది. ఇప్పుడు నాన్న లేడు, వ్యాన్ తుక్కుకు పోయింది, బేకరీ నేనే చూసుకుంటున్నాను.

పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి చెబితే మా ఆయన నవ్వి, వ్యాన్ నడపడం డ్రైవింగ్ కాదు, సరుకు రవాణా అన్నారు. ఎర్ర కారు కొన్నాక తాళం అడిగాను. క్లచ్ మాడిపోతుంది అన్నారు, అదేదో నేను పొయ్యి మీద పెట్టి మరిచిపోయే కూర అయినట్టు. తర్వాత ఎప్పుడడిగినా అదే మాట. అడిగి అడిగి నోరు నొప్పెట్టి మానేశాను. అడగడం మానేస్తే కోరిక చస్తుందా? అబద్ధమెందుకు, నాకు ఆ కారు నడపాలని ప్రాణం కొట్టుకునేది. పైకప్పు తీసేసి, ఆయన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, ఒక్కసారి మిల్లు మిట్ట ఎక్కాలని ఉండేది.

మిల్లు మిట్ట అంటే ఊరి చివర, మూతబడిన నూలు మిల్లును ఆనుకుని పైకెక్కే రోడ్డు. సగం దారిలో ఒక గట్టి మలుపు, పైన చదునైన జాగా, అక్కడొక టీ బండి. ఆదివారం పొద్దున్నే స్పోర్ట్స్ కార్లున్నవాళ్ళు పదిమంది దాకా అక్కడ చేరతారు. ఏ వారం చూసినా వాళ్ళకు ఒకటే గొడవ, మాన్యువలా, ఆటోమేటిక్కా. కొత్త కార్లన్నీ ఆటోమేటిక్కులే వస్తున్నాయి కాబట్టి వాళ్ళ ఉక్రోషం ఏటికేడాది పెరుగుతూ వచ్చింది. ఒక్కొక్కరే అమ్ముకుంటున్నారు కూడా. ఒకడికి నడుం నొప్పి, ఒకడికి ట్రాఫిక్కు మీద విసుగు, ఒకడికి ఇంట్లో మూడో పిల్ల పుట్టి రెండు సీట్లు చాలకపోవడం. అమ్మినవాడు తర్వాతి ఆదివారం నుంచి కనపడడు. అమ్మి ఆటోమేటిక్ కొన్నవాడి గురించైతే, పోయినవాడి గురించి మాట్లాడినట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు.

ఆ గుంపులో ఉంటూనే ఆటోమేటిక్ నడిపే ధైర్యం ఒక్కడికే ఉంది. గ్రానైట్ వ్యాపారి. నాలుగు ఖరీదైన కార్లు, ఒక్కదానికీ క్లచ్ లేదు. మీరు నడిపేది కారు కాదండీ, లిఫ్టు, మీట నొక్కండి, పైకి పొండి అని మా ఆయన ఓ రోజు అన్నారు. ఇక ఆ పూట నుంచి అతని పేరు లిఫ్టే అయిపోయింది. అతను కోపగించుకోలేదు, తనూ నవ్వేవాడు. కడుపు నిండినవాడికి నవ్వడం తేలికే. ట్రాఫిక్కులో ఎడమకాలు చావగొట్టుకోవడం ఎందుకు, యంత్రం మనకన్నా త్వరగా గేరు మారుస్తుంటే మధ్యలో మన పెత్తనం ఎందుకు అని అతని వాదన. ఆస్పత్రిలో అన్నం గొట్టంతో ఎక్కిస్తారు, అలాగని ఇంట్లో నమలడం మానేస్తామా అని మా ఆయన జవాబు. అందరూ చప్పట్లు కొట్టేవారు. ఓ పక్కన నిలబడి టీ తాగుతున్న నాకూ నవ్వొచ్చేది. నేనూ క్లచ్ పక్షమేనని వాళ్ళకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు.

కబుర్లయ్యాక వీపు పందెం. అది వాళ్ళు కనిపెట్టిన ఆట. అందరూ రోడ్డుకు వీపు తిప్పి నిలబడతారు. ఎవరో ఒకరు ఎవరి కారో తీసుకుని కిందికి పోయి, మిట్ట ఎక్కుతూ వస్తారు. మలుపు దగ్గర థర్డ్ లోంచి సెకండ్‌కు దిగాలి. ఆ గేరు పడే చప్పుడు విని, అది ఏ కారో, నడిపేది ఎవరో చెప్పాలి. ఒకళ్ళు జవాబు చెప్పేదాకా ఎవరూ వెనక్కి తిరగకూడదు. పెద్ద పెద్ద మగవాళ్ళు గోడకు నిలబెట్టిన బడిపిల్లల్లా వరసగా నిలబడి చెవులు రిక్కిస్తుంటే చూడ్డానికి భలేగా ఉండేది. ఆ ఆటలో మా ఆయనకు ఓటమి లేదు. ఫలానావాడు ఇవాళ భార్యతో పోట్లాడి వచ్చాడు, గేరు విసురుగా వేశాడు అని కూడా చెప్పేసేవారు. ఆ గుంపులో ఆయనకున్న పరువంతా ఆ చెవుల మీదే నిలబడింది.

పోయినేడు ఆయన ఎడమ మోకాలు అరిగిపోయింది. ఎర్ర కారు క్లచ్ బండరాయిలా బరువు. తొక్కలేక తొక్కలేక కొన్నాళ్ళు లాగారు. ఓ రోజు సిగ్నల్ దగ్గర కాలు పట్టేసి, కారు కుదిపి ఆగిపోయి, వెనకవాళ్ళంతా హారన్లు కొడుతుంటే ఏమీ చేయలేక కూర్చున్నారట. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, పక్క కారులో ఉన్నవాళ్ళు చెప్పారు. డాక్టరు ఇక క్లచ్ జోలికి పోవద్దన్నాడు. ఇంట్లో నా బేకరీ కారు ఉంది, ఆటోమేటిక్, దానికి కుడికాలు చాలు. తాళం ఇవ్వబోతే, పాము కనపడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. సరే పోనీ అని అప్పటినుంచి ఆఫీసుకు, ఆస్పత్రికి, ఆదివారం మిట్టకు అన్నిటికీ నేనే తిప్పుతున్నాను. ఆయన వెనక సీట్లో అడ్డంగా కూర్చుని కాలు చాపుకుంటారు. చూసినవాళ్ళు నన్ను జీతానికి పెట్టుకున్నారనుకోవాలి.

ఎర్ర కారు షెడ్డులో పడుంది. అమ్మెయ్యండి అని కొందరు, గేరుపెట్టె మార్పించి ఆటోమేటిక్ చేయించుకోండి అని కొందరు. గేరుపెట్టె మార్పిస్తే దాని గొంతు కోసినట్టే అని మా ఆయన ఇంతెత్తున లేచారు. అప్పుడు, ఎన్నేళ్ళకో మళ్ళీ, నేను నోరు తెరిచాను. నేను నడుపుతాను, మీరు పక్కన కూర్చోండి, కారూ ఉంటుంది, గాలీ తగులుతుంది అన్నాను.

"పక్క సీట్లోనా? నేనా?" అన్నారు.

నేనేదో తనను డిక్కీలో కూర్చోమన్నట్టు చూశారు నన్ను. కాసేపటికి గొంతు తగ్గించి, ఉండనీ, చూద్దాంలే అన్నారు. ఆ చూద్దాంలే పట్టుకుని నేను ఎంత ఆశ పెంచుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

కారు ఊరికే పడుంటే పాడవుతుందని, నెలకోసారి మిట్ట ఎక్కించమని పైలట్‌కు చెప్పారు ఆయన. పైలట్ అని పేరే గాని అతను అమ్మేది కర్టెన్ గుడ్డలు. ఆ గుంపులో మా ఆయన తర్వాత అంత నున్నగా నడిపేవాడని ఆ పేరు. నన్ను వదినా అంటాడు, మా ఇంట్లో తిన్నంత తన ఇంట్లో తినడు. అలా ఓ ఆదివారం మా ఆయన్ను పైన టీ బండి దగ్గర దించాక, ఎర్ర కారు తెచ్చిన పైలట్, వదినా, కిందిదాకా పోయొద్దాం రా అన్నాడు. మా ఆయన ఏమంటారోనని చూశాను. ఆయన అప్పటికే లిఫ్టుతో వాదనలో పడ్డారు, మమ్మల్ని పట్టించుకోలేదు.

కింద మిల్లు గేటు దగ్గర పైలట్ కారాపి, దిగి, నా వైపుకొచ్చి తలుపు తీశాడు.

"అన్నయ్య ఓసారి అన్నాడు, నువ్వు బ్రెడ్డు వ్యాన్ నడిపేదానివట కదా వదినా. ఎక్కు. అన్నయ్యకు నేను చెప్పుకుంటాలే."

వద్దనాలి. అనలేదు. ఎక్కి కూర్చున్నాను. సీటు ముందుకు జరుపుకుని, క్లచ్ ఓసారి తొక్కి చూశాను. బరువే, కానీ మా వ్యాన్ కన్నా నయం. గేరు కర్ర మీద చెయ్యి వేస్తే అరచెయ్యంతా చెమట. పైలట్ బెల్టు పెట్టుకుని, ఏమీ నేర్పకుండా, ఏమీ జాగ్రత్తలు చెప్పకుండా, పద అన్నాడు. అందుకు అతనికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఫస్ట్, సెకండ్, థర్డ్. గోడలు వెనక్కి పోతున్నాయి. మలుపు వచ్చింది. నేను ఏం ఆలోచించానో చెప్పమంటే చెప్పలేను. బహుశా వెనక బన్నులున్నాయనుకుని ఉంటాను. క్లచ్, న్యూట్రల్, కాస్త రేసు, మళ్ళీ క్లచ్. గేరు పడింది. పడిందని కూడా తెలియలేదు, ఇంజను గొంతు మారింది అంతే. మలుపు తిరిగి పైకొచ్చేసరికి నా కళ్ళ వెంట నీళ్ళు. గాలికి అని పైలట్‌తో అన్నాను. అతను సరే గాలికే అన్నాడు.

పైన అందరూ వీపులు తిప్పి నిలబడి ఉన్నారు. వాళ్ళ వెనకే ఆపి ఇంజను కట్టేశాను. మా ఆయన చెయ్యెత్తారు.

"మన బండి. నడిపేది పైలట్. విన్నారా ఆ సెకండు? రేసు వెంట్రుకంత ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఒప్పుకోవాలి, నా చేతుల్లో కూడా అది ఇంత మెత్తగా పడలేదు."

ఆ మాట నేను ఆ సీట్లో కూర్చునే విన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్న మాట అదొక్కటే. అదీ నన్నని తెలియక.

ముందు వెనక్కి తిరిగింది లిఫ్టు. నేను స్టీరింగు వైపు తలుపు తీసుకుని దిగుతుంటే చూసి పగలబడి నవ్వాడు. సర్వేయర్‌గారు ఓడిపోయారు, అదీ సొంతావిడ చేతిలో, ఇక మీరు ఇంట్లో కూర్చుని బన్నులు చేసుకోండి అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు. ఒకళ్ళిద్దరు నా దగ్గరికొచ్చి ఎక్కడ నేర్చుకున్నారని నిజంగానే అడిగారు. నేను చెబుతూ ఆయన వైపు చూశాను. ఆయన నవ్వలేదు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. టీ కప్పు బండి మీద పెట్టి, కుంటుకుంటూ వెళ్ళి నా బేకరీ కారులో వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు.

దారిలో మాట్లాడలేదు. ఇంట్లో మాట్లాడలేదు. వండింది తిన్నారు, వేసిన మందు మింగారు. ఆ వారమంతా నేను బేకరీలో పిండి కలుపుతూ తిట్టుకున్నాను, ఆయన్ను కొంత, నన్ను కొంత. చివరికి ఓ సాయంత్రం సోఫాలో కాలికి వేడి కాపడం పెట్టించుకుంటూ, కారు అమ్మేస్తున్నాను అన్నారు.

నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. ఎందుకు, నేను నడిపినందుకా అని అడిగాను.

"నువ్వు నడిపినందుకు కాదు. అది నువ్వని నాకు తెలియనందుకు. ఇన్నేళ్ళు వాళ్ళ ముందు నిలబెట్టుకున్నది ఒక్క నిమిషంలో పోగొట్టావు."

నేను పోగొట్టానట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంది కదూ. నేను ఏం చేశాను? గేరు వేశాను. మంచిగా వేశాను. పళ్ళు కొరికించి, కుదిపి, కారాపేసి ఉంటే ఆయనకు ఎంత సంతోషంగా ఉండేదో. చూశారా, నేను చెప్పలేదూ అని నలుగురిలో అనేవారు. నేను ఇంటికొచ్చి నవ్వుతూ అన్నం వడ్డించేదాన్ని. కారు ఉండిపోయేది.

"ఆ మెచ్చుకున్న మాట వెనక్కి తీసేసుకోండి. అది మీ మోకాలు బాధలో ఏదో అన్నారనుకుంటాను. నేను మళ్ళీ దాన్ని ముట్టుకోను. కారు మాత్రం అమ్మకండి," అన్నాను. అంతగా నేను ఆయన్ను ఎప్పుడూ బతిమాలలేదు.

ఆయన రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచారు.

పైలట్ పరుగున వచ్చాడు. తప్పు నాది అన్నయ్యా, వదినను అనకు, పోనీ అమ్మేదేదో నాకే అమ్ము, కళ్ళల్లో పెట్టుకుంటాను అన్నాడు. మా ఆయన కుదరదన్నారు. ఎందుకో పైలట్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పైలట్ కొంటే వాడు నాకు తాళం ఇస్తాడు. గడ్డివాము దగ్గర కుక్క సంగతి వినే ఉంటారు, తను మేయదు, ఆవును మేయనివ్వదు. కాకపోతే ఆ కుక్క గడ్డివామును పట్టుకెళ్ళి వేరే కుక్కకు అమ్మలేదు. మా ఆయన ఆ కారును లిఫ్టుకు అమ్మారు.

నేను నమ్మలేదు. మీరు మనుషుల్లోనే లెక్కవేయనివాడికా అన్నాను. ఆయన దాచలేదు, అదొకటి చెప్పుకోవాలి.

"అతను నడపడు. కప్పి పెడతాడు. నేను నడపలేనప్పుడు ఇంకెవరూ నడపక్కర్లేదు."

ఆ గుంపుకో ఆచారం ఉంది. కారు అమ్మితే, అమ్మినవాడు సొంత చేత్తో నడిపి కొన్నవాడి గుమ్మంలో దించాలి. ట్రక్కు మీద ఎక్కించి పంపడం శవాన్ని పంపడమేనని మా ఆయనే ఎంతోమందికి బుద్ధులు చెప్పారు. ఇప్పుడు ఆయన నడపలేరు. లిఫ్టుకు క్లచ్ రాదు. పైలట్‌ను అడిగితే, నా చేత్తో దాన్ని ఆ గోతిలో దించలేనన్నాడు, మా గుమ్మం తొక్కడమే మానేశాడు. మిగతావాళ్ళకు ఆ రోజు ఎవరి పనులు వాళ్ళకు వచ్చిపడ్డాయి. కారు అప్పగిస్తామన్న రోజు రానే వచ్చింది. పొద్దున నేను బేకరీ నుంచి ఇంటికొచ్చేసరికి ఆయన షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. చేతిలో తాళం ఉంది.

నువ్వే దించి రా అన్నారు.

ఎన్నేళ్ళు అడిగాను ఆ తాళం! ఇదిగో ఇప్పుడు ఇస్తున్నారు.

"ఇప్పుడు క్లచ్ మాడిపోదా?" అన్నాను.

"మాడితే మాడనీ. ఇక మనది కాదుగా."

తిట్టినా బాగుండేది. ఆయన మామూలుగానే అన్నారు, చెత్తబుట్ట బయట పెట్టమన్నట్టు. అయినా, సిగ్గులేని మనసు నాది, పైకప్పు తెరిచి, పక్క తలుపు తీసి పట్టుకుని, ఈ ఒక్కసారికైనా వచ్చి కూర్చోండి, ఇద్దరం కలిసి దించొద్దాం అన్నాను. మోకాలు మడవలేనన్నారు. సీటు పూర్తిగా వెనక్కి జరుపుతాను, కాలు చాపుకోవచ్చన్నాను. ఎండగా ఉందన్నారు. ఆకాశమంతా మబ్బు. తలుపు మూసేసి, తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను.

లిఫ్టు ఇల్లు ఊరికి అవతలి చివర. దగ్గరి దారిలో పోలేదు. మిల్లు మిట్ట ఎక్కాను, దిగాను, కాలవ పక్క రోడ్డంతా తిరిగాను. ఎవరన్నా చూస్తే ఈ ముసల్దానికి పిచ్చెక్కిందనుకునేవారు, జుట్టంతా రేగిపోయి, బేకరీ పిండి అంటిన చీరతో. సంతోషంగా ఉందా అంటే ఉంది. ఏడుపు వచ్చిందా అంటే వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మనిషి ఏం చేస్తుంది, గేరు మారుస్తుంది. పక్క సీట్లో నా చేతిసంచీ ఒక్కటే కూర్చుని వచ్చింది.

లిఫ్టు ఇంటి కింద పెద్ద హాలు. నేలంతా అతని దుకాణం గ్రానైటే, అద్దంలా ఉంది. కార్లన్నీ తెల్లటి గుడ్డలు కప్పుకుని వరసగా ఉన్నాయి. గేటు కాపలా మనిషి, డ్రైవరమ్మా, టైర్లు తుడిచి లోపల పెట్టు అన్నాడు. లిఫ్టు పరుగెత్తుకుంటూ వచ్చి, డ్రైవరేంట్రా, సర్వేయర్‌గారి ఇంటావిడ అని అతన్ని కోప్పడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. చూపించిన చోట, రెండు కార్ల మధ్య, గీతకు సరిగ్గా పెట్టాను. ఎలక్ట్రీషియన్ వచ్చి బ్యాటరీ తీగ ఊడదీశాడు. లిఫ్టు గుడ్డ కప్పుతూ, మీవారి మాట ప్రకారం ఇక దీన్ని ఎవరూ కదపరు చెల్లెమ్మా, నిశ్చింతగా ఉండమనండి అన్నాడు. ఆ ముక్క బేరంలో ఉందని నాకప్పుడే తెలిసింది.

బస్సెక్కి ఇంటికొచ్చాను. ఎలా పోయిందని ఆయన అడగలేదు. అడుగుతారేమోనని నేను పడుకునేదాకా చూశాను.

తర్వాతి ఆదివారం మిట్టకు పోదామన్నారు. కారు అమ్మినవాడు రాకూడదన్న పద్ధతి తన దాకా వచ్చేసరికి మారిపోయింది కాబోలు. తీసుకెళ్ళాను. పైలట్ రాలేదు. మిగతావాళ్ళంతా ఉన్నారు, లిఫ్టు కూడా. మా ఆయనకు స్టూలు వేశారు, టీ ఇచ్చారు, అయ్యో అలాంటి బండిని ఎలా వదులుకున్నారండీ అని పరామర్శించారు. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, కప్పు చేతుల మధ్య తిప్పుతూ చెప్పారు.

"ఏం చేయమంటారు? ఇంట్లో నడిపేవాళ్ళు లేరు. ఉంటే అమ్ముకుంటానా?"

పది అడుగుల దూరంలో ఉన్నాను నేను. ఆ రోజు నా చేతి గేరు విన్న చెవులన్నీ అక్కడే ఉన్నాయి. ఎక్కడ నేర్చుకున్నారని అడిగినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒక్కడన్నా, అదేంటండీ, మీ ఆవిడ ఉందిగా అంటాడని చూశాను. ఒకాయన నిజమే పాపం అన్నాడు. ఇంకొకాయన చక్కెర కలుపుకున్నాడు. లిఫ్టు మాత్రం నా వైపు ఓసారి చూసి, ఫోను తీసుకుని అందులో ఏదో వెతుక్కున్నాడు.

అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాడి మీద ఇంకా ఏదో ఆశ ఉండాలి. నేను నడిచి ఆయన స్టూలు దగ్గరికి వెళ్ళాను. ఇంటికి పోదామా అన్నట్టు ఆయన తలెత్తారు.

"మీరన్నది నిజమే. ఇంట్లో నడిపేవాళ్ళు లేరు, ఇవాళ్టి నుంచి," అన్నాను.

నా బేకరీ కారు తాళం ఆయన ఒళ్ళో పెట్టాను. కుడికాలు చాలు దానికి. అందరూ చూస్తూ ఉండగా మిట్ట దిగి, బ్రెడ్డు పొయ్యిలో పెట్టే వేళవుతోందని బేకరీ వైపు నడిచాను.